ఎల్‌డీఎల్ నార్మలే, మరి గుండెపోటు ఎందుకొచ్చింది? సమస్య - పరిష్కారం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగిళ్లలో గుండె జబ్బు మూడు భాషల్లో నడుస్తుంది. డాక్టరు ఒడియాలో చెబుతారు, రిపోర్టు ఇంగ్లిషులో ఉంటుంది, ఇంటికొచ్చాక తెలుగులో మాట్లాడుకుంటాం. ఇంత తిరిగినా చాలామందికి మిగిలేది "పైపులో మడ్డి పేరుకుంది" అన్న బొమ్మే. ఆ బొమ్మ వల్లే సగం తప్పుడు నిర్ణయాలు. పూడిక తయారయ్యేది నాళం గోడ లోపల. దాన్ని పెంచేది కొవ్వు ఒక్కటే కాదు, మన రక్షక కణాలు కూడా.

సమస్య: మెట్లెక్కితే ఛాతీ బిగుసుకుంటోంది, కూర్చుంటే తగ్గుతోంది

తారాతారిణి కొండ గుడి 999 మెట్లలో సగానికే ఆగాల్సి వస్తుంది. ఎడమ చెయ్యో దవడో లాగుతుంది. ఇంట్లోవాళ్లు గ్యాస్ అని సోడా తాగిస్తారు.

కారణం: ఎల్‌డీఎల్, అంటే మనం చెడు కొలెస్ట్రాల్ అనేది, ధమని లోపలి పొర కిందికి చేరి, అక్కడ చిక్కుకుని, ఆక్సీకరణతో చెడుతుంది. పొర దాన్ని ప్రమాదంగా తీసుకుని, రక్తంలో పోయే మోనోసైట్ కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) తనకు అంటుకునేలా మారుతుంది. అవి గోడలోకి దిగి మాక్రోఫేజ్‌లనే మింగే రక్షక కణాలై, చెడిన ఎల్‌డీఎల్‌ను మింగుతాయి. మామూలు కణం తనకు చాలినంత కొలెస్ట్రాల్ అందగానే తీసుకోవడం తగ్గిస్తుంది. మాక్రోఫేజ్ ఈ చెడిన సరుకును మింగే దారికి ఆ అదుపు లేదు. మింగి మింగి నురగ కణంగా మారుతుంది. ఇలా ఏళ్లు గడిచి నాళం ఇరుకైతే, కూర్చున్నప్పుడు చాలిన రక్తం ఎక్కేటప్పుడు చాలదు.

పరిష్కారం: విశ్రాంతిలో తీసిన ఈసీజీ నార్మల్ అని ఊరుకోకండి. ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష అవసరమా అని అడగండి. కొండ దగ్గర వచ్చే నొప్పి ఇప్పుడు నాలుగడుగులకే వస్తున్నా, ఊరికే కూర్చున్నప్పుడు వస్తున్నా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

సమస్య: "40 శాతమే బ్లాక్, స్టెంట్ అక్కర్లేదన్నారు" అని మాత్రలు మానేశారు

నన్నడిగితే అన్నింటిలోకీ ప్రమాదకరమైన మాట ఇదే.

కారణం: గుండెపోట్లలో చాలావాటికి మూలం పూడిక పగలడం. పగిలేది ఎప్పుడూ పెద్ద పూడికే కానక్కర్లేదు. నురగ కణాలు చచ్చినప్పుడు పక్క మాక్రోఫేజ్‌లు వాటిని తినేసి శుభ్రం చేయాలి. పూడిక ముదిరాక ఆ పని కుంటుపడి, మధ్యలో చచ్చిన కణాల ముద్ద మిగిలిపోతుంది. దాని మీద కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ పీచుతో మూతలాంటి ఒక కప్పు ఉంటుంది. టి-కణాలనే మరో రకం రక్షక కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయనం కొత్త కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది. మాక్రోఫేజ్‌లు వదిలే ఎంజైములు ఉన్న కొల్లాజెన్‌ను కరిగిస్తాయి. రెండువైపులా కోత పడి కప్పు పలచబడుతుంది. అది చిరిగితే లోపలి ముద్ద రక్తానికి తగిలి, నిమిషాల్లో గడ్డ కడుతుంది. యాంజియోగ్రామ్‌లో కనిపించేది దారి ఎంత ఇరుకైందన్నదే. కప్పు ఎంత పలచబడిందో ఆ శాతం చెప్పదు.

పరిష్కారం: కొలెస్ట్రాల్ మాత్ర స్టాటిన్ మానకండి. అది ఎల్‌డీఎల్‌ను తగ్గించి మాక్రోఫేజ్‌లకు మేత లేకుండా చేస్తుంది, నాళం గోడలోని వాపునూ (ఇన్‌ఫ్లమేషన్) తగ్గిస్తుంది, కప్పు గట్టిపడటానికి తోడ్పడుతుంది. కండరాల నొప్పులొస్తే డాక్టరుతో చెప్పి డోసో మందో మార్పించుకోండి.

సమస్య: ఎల్‌డీఎల్ 95, రిపోర్టులో నార్మల్. అయినా గుండెపోటు

కారణాలు రెండు. ల్యాబ్ వాళ్ల నార్మల్ ఆరోగ్యవంతులది. గుండెపోటు వచ్చినవారికి డాక్టర్లు 70 లోపు, చాలామందికి 55 లోపు ఉండాలంటారు. రెండోది, మిగిలిపోయిన వాపు. మాక్రోఫేజ్‌లో కొలెస్ట్రాల్ స్ఫటికాలు ఏర్పడితే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు సంకేతం విడుదలవుతుంది, దానివల్ల ఇంటర్‌ల్యూకిన్-6 పెరుగుతుంది, దాంతో కాలేయం సీఆర్‌పీని (రక్తంలో వాపును చూపే ప్రోటీన్) ఎక్కువగా తయారుచేస్తుంది. 2017లో వెలువడిన కాంటోస్ పరిశోధనలో, గుండెపోటు వచ్చిన పది వేల మందికి పైగా పాల్గొన్నారు. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కనకినుమాబ్ అనే మందు 150 మిల్లీగ్రాముల డోసుతో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ఎల్‌డీఎల్ మాత్రం తగ్గలేదు. అయితే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు కాస్త పెరిగాయి. రక్షక కణాల నోరు నొక్కితే ఆ మూల్యం ఉంటుంది మరి.

పరిష్కారం: ముందు పొగాకు. మన వైపు సిగరెట్టు కాదంటే పొగాకు లేదనుకుంటారు. బీడీ, అడ్డపొగ (నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే చుట్ట), ఖైనీ, పళ్లకు రుద్దే గుడాకు, అన్నీ లెక్కలోకే వస్తాయి. షుగర్, బీపీ అదుపులో పెట్టండి. కీళ్లవాతం, సోరియాసిస్ ఉంటే ఆ సంగతి గుండె డాక్టరుకూ చెప్పండి. హెచ్ఎస్-సీఆర్‌పీ (సీఆర్‌పీని సున్నితంగా కొలిచేది) పరీక్ష చేయించుకుంటే, లీటరుకు మిల్లీగ్రాముల్లో 1 లోపు మంచిది, 3 దాటితే ముప్పు ఎక్కువ. జ్వరంలో మాత్రం చేయించకండి. రాయగడ, కోరాపుట్ వైపు మలేరియా జ్వరానికే అది ఎగబాకుతుంది. 10 దాటితే జ్వరం పూర్తిగా పోయాక, రెండు వారాలైనా ఆగి మళ్లీ చూడాలి. వాపు తగ్గించే కొల్చిసిన్ మందును తక్కువ డోసులో కొందరికి ఇస్తున్నారు, కానీ కిడ్నీ జబ్బున్నవారికి, కొన్ని యాంటీబయాటిక్స్ వాడేవారికి అది విషమవుతుంది. సొంతంగా కొనొద్దు.

సమస్య: "ఇమ్యూనిటీ పెంచే పొడి తాగితే పూడిక కరుగుతుందట"

ఇక్కడ రక్షక కణాలు తక్కువై కాదు, పని ఆగక ఇబ్బంది. ఆ డబ్బుతో ఫ్లూ టీకా వేయించుకోండి. ఫ్లూ వచ్చిన వారంలో గుండెపోటు ముప్పు బాగా పెరుగుతుంది.

సమస్య: ఛాతీ నొప్పి, చెమటలు, పావుగంటైనా తగ్గట్లేదు

కారణం ఇంట్లో తేల్చేది కాదు. 108కి ఫోన్ చేయండి, సరిహద్దుకు రెండువైపులా అదే నంబరు. రాయగడ నుంచో గుణుపూర్ నుంచో నేరుగా విశాఖకు కారు కట్టించకండి. ముందు దగ్గర్లో ఈసీజీ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. అవసరమైతే గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి పైకి పంపుతారు. పాత డిశ్చార్జి కాగితం, యాంజియో సీడీ, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి.