పేషెంట్‌తో మాట్లాడే ముందు జాగ్రత్తలు

కేస్ షీట్ చదివి, చేతులు కడుక్కుని వెళ్లండి. కర్టెన్ లాగాకే మాట మొదలుపెట్టాలి. పక్కన అత్తగారుంటే నెలసరి గురించి ఏ కోడలైనా నోరు విప్పుతుందా, ఆవిడను కాసేపు బయట కూర్చోమనండి.

"షుగర్ ఉందా?" అంటే చాలామంది లేదనేస్తారు, మాత్రలతో కంట్రోల్‌లో ఉంటే పోయినట్టే లెక్క వాళ్లకి! అందుకే "రోజూ ఏం మాత్రలు వేసుకుంటారు, ఓసారి చూపిస్తారా?" అనండి. ఏ మందైనా పడక దద్దుర్లు వచ్చాయేమో తప్పకుండా అడగాలి.

బీపీకి ముందు 5 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి, అరగంటలోపు టీ తాగారేమో, మూత్రానికి వెళ్లాలేమో కనుక్కోండి. చేతికి చుట్టే పట్టీ (కఫ్) చిన్నదైతే రీడింగ్ ఎక్కువొస్తుంది. ఊపిరి లెక్కపెడుతున్నామని మాత్రం చెప్పొద్దు, తెలిస్తే తీరు మారిపోతుంది. నాడి చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టండి.