సైకలాజికల్ ఆటాప్సీ నేర్చుకుందాం – పాఠం 4: స్నేహితుడితో మాట్లాడటం

సైకలాజికల్ ఆటాప్సీ అంటే, ఒక మనిషి చనిపోయాక దగ్గరివాళ్లతో మాట్లాడి, చివరి రోజుల్లో ఆ మనిషి మనసు ఎలా ఉండేదో తెలుసుకోవడం. గత పాఠంలో తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలో చూశాం. చిన్నప్పటి సంగతులు, పాత జబ్బులు, ఇంట్లో ఇంకెవరికైనా డిప్రెషన్ వచ్చిందా అన్నవి వాళ్లే బాగా చెప్పగలరు. కానీ చనిపోయిన కుర్రాడు అర్ధరాత్రి ఎవరికి మెసేజ్ పెట్టేవాడో అమ్మకు తెలియకపోవచ్చు. తెగిపోయిన ప్రేమ, దాచుకున్న తాగుడు, 'నేను లేకపోతే ఎవరికీ ఏమీ కాదు' అన్న మాట... ఇవి చాలాసార్లు స్నేహితుల దగ్గరే ఉంటాయి.

1950ల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో మానసిక నిపుణులు ఎడ్విన్ ష్నైడ్‌మన్, నార్మన్ ఫార్బరో, రాబర్ట్ లిట్మన్ ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. ఆత్మహత్యా, ప్రమాదమా అని తేలని మరణాల కోసం ఇది మొదలైంది. పరిశోధనకు తర్వాత వచ్చింది.

ఈ పాఠంలో ఒక్క నైపుణ్యమే: అప్పుడు విన్నదాన్ని, తర్వాత అనిపించినదాన్ని వేరు చేయడం. నా లెక్కలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే. స్నేహితుడు 'చాలా రోజులుగా డల్‌గా ఉన్నాడండీ' అంటాడు. వెంటనే రాసేసుకోకండి. 'అప్పుడే నీకలా అనిపించిందా, ఈ కబురు తెలిశాక అనిపించిందా?' అని మెల్లగా అడగండి. 'పరీక్షలకు ముందా, తర్వాతా? తను అన్న మాటలు గుర్తున్నంతవరకు అలాగే చెప్పగలవా?' పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి రెంటినీ విడిగా రాయండి.

తల్లి 'ముట్టనే ముట్టడు' అంటే, స్నేహితుడు 'రోజూ తాగేవాడు' అనవచ్చు. ఏ మాట ఎవరు చెప్పారో, పేరు బదులు కోడ్‌తో రాసుకోండి. ఒకరి మాట ఇంకొకరికి చేరవేయకండి.

'నువ్వెందుకు ఎవరికీ చెప్పలేదు?' అని మాత్రం ఎప్పుడూ అడగొద్దు. ఆ ప్రశ్న తనకు తాను రోజూ వేసుకుంటూనే ఉంటాడు. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మనోవైద్యుడు డేవిడ్ బ్రెంట్ బృందం 1990లలో ఇలా స్నేహితుణ్ణి పోగొట్టుకున్న పిల్లల్ని పరిశీలిస్తే, వాళ్లలో డిప్రెషన్ ఎక్కువగా కనిపించింది. అందుకే ముగించే ముందు సూటిగా అడగండి: 'నీకూ చచ్చిపోవాలనిపిస్తోందా?' అడిగితే లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఇంటర్వ్యూ అక్కడే ఆపేయండి. ఒంటరిగా వదలకుండా, చికిత్స చేయగలవాళ్లకు అప్పగించేదాకా పక్కనే ఉండండి.

అభ్యాసం: తోటివారిని స్నేహితుడి పాత్రలో కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు మాట్లాడండి. తర్వాత మీ పేజీ వాళ్లకు చూపించి, ఏ మాట తప్పు వైపు పడిందో అడగండి.