కొత్త దేశంలో పాత ల్యాప్‌టాప్‌కి మానిటర్: కొనేముందు చూసుకోవలసినవి

పరాయి దేశంలో దిగిన మొదటి నెలల్లో మన వెంట వచ్చిన ల్యాప్‌టాప్ మీదే అన్నీ నడుస్తాయి. చదువు, ఉద్యోగం వెతుక్కోవడం, ఇంటినుంచి పని, ఇంటివాళ్లతో వీడియో మాటలు, అన్నిటికీ ఆ 14 అంగుళాల తెరే. నాలుగు వారాలు మెడ వంచి కూర్చున్నాక నొప్పి మొదలవుతుంది. ఐదారేళ్ల పాత మెషీను కదా, కొత్తది కొనేద్దామా అనిపిస్తుంది. దయచేసి అప్పుడే కొనకండి. ల్యాప్‌టాప్ బాగానే పనిచేస్తుంటే ఎవరో వాడి తీసేసిన మానిటర్ ఒకటి తెచ్చి తగిలించండి, ఇంకో ఏడాది రెండేళ్లు హాయిగా నడుస్తుంది. కాకపోతే మానిటర్ కోసం వెళ్లేముందు ఇంట్లో కూర్చుని పది నిమిషాలు చూసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

నేను అవి చూసుకోలేదు. నా ల్యాప్‌టాప్‌కి ఉన్నది వీజీఏ రకం సాకెట్, తెచ్చుకున్న మానిటర్‌కి ఉన్నది హెచ్‌డీఎంఐ రకం. ఈ రెండు పేర్లూ రాసి ఉన్న కన్వర్టర్ దొరికింది కదా అని కొన్నాను. రెండు రోజులపాటు నల్ల తెర తప్ప ఏమీ కనిపించలేదు. ల్యాప్‌టాప్ పాడైందేమోనని ఒకటే టెన్షన్. చివరికి తేలింది ఏమిటంటే, ఆ కన్వర్టర్ హెచ్‌డీఎంఐ తీసుకుని వీజీఏ ఇచ్చే రకం. నాకు కావలసింది దానికి తిరగేసినది. కన్వర్టర్లు సాధారణంగా ఒక దిక్కుకే పనిచేస్తాయని అప్పటిదాకా నాకు తెలియదు. అందుకే కొనేటప్పుడు ‘ల్యాప్‌టాప్ వైపు ఇది, మానిటర్ వైపు ఇది’ అని రెండు చివరలూ విడివిడిగా అనుకుని, ప్యాకెట్ మీద బాణం గుర్తు ఎటు ఉందో చూసి కొనండి.

ముందు ల్యాప్‌టాప్‌ని తిప్పి పక్కలన్నీ చూడండి. మూడు వరుసల్లో 15 రంధ్రాలతో, రెండు పక్కలా మర బిగించే చోటుతో ఉంటే అది వీజీఏ. ఎక్కువగా నీలం రంగులో ఉంటుంది. 1987లో వచ్చిన పద్ధతి అది, దాంట్లో బొమ్మ మాత్రమే వెళ్తుంది, శబ్దం వెళ్లదు. సన్నగా, కింది రెండు మూలలూ లోపలికి వాలినట్టు ఉంటే హెచ్‌డీఎంఐ. చూడటానికి దాదాపు అలాగే ఉండి ఒక్క మూల మాత్రమే కోసినట్టు ఉంటే డిస్‌ప్లేపోర్ట్. దీనికే మినీ డిస్‌ప్లేపోర్ట్ అనే చిన్న రూపం ఉంది, పాత మ్యాక్‌బుక్‌లలో కనిపిస్తుంది.

యూఎస్‌బీ-సి దగ్గర మాత్రం కాస్త ఆగి చూడాలి. రెండు వైపులా ఒకేలా ఉండే ఆ చిన్న సాకెట్ ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని కాదు. కొన్ని చార్జింగ్‌కీ ఫైళ్లకీ మాత్రమే పనికొస్తాయి. పక్కన మెరుపు గుర్తో, డిస్‌ప్లేపోర్ట్ గుర్తో ఉంటే వీడియో ఇచ్చే అవకాశం బాగా ఉన్నట్టే. అయినా ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబర్‌తో కంపెనీ వెబ్‌సైటులో వివరాలు వెతికి, ‘డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్’ అనో ‘థండర్‌బోల్ట్’ అనో రాసి ఉందా అని చూసుకున్నాకే కేబుల్ కొనండి.

రెండు వైపులా ఒకే రకం సాకెట్ ఉంటే మామూలు కేబుల్ చాలు. వాడేసిన మానిటర్లలో తరచూ కనిపించే డీవీఐ అనే ఇంకో రకం సాకెట్‌కి, హెచ్‌డీఎంఐకి లోపల సిగ్నల్ ఒకటే, కాబట్టి మామూలు కేబులే ఎటునుంచి ఎటైనా పనిచేస్తుంది. డీవీఐ కూడా శబ్దం మోయదనే అనుకోండి. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ మానిటర్‌కి మామూలు కేబులే సాధారణంగా సరిపోతుంది. హెచ్‌డీఎంఐ నుంచి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కి వెళ్లాలంటే మాత్రం యూఎస్‌బీ ద్వారా కరెంటు తీసుకునే అసలైన కన్వర్టర్ కావాలి. నాలాగా వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లేవాళ్లకీ అంతే.

ఇక ఎన్ని తెరలు? రెండు సాకెట్లు కనిపించగానే రెండు మానిటర్లు పెట్టేద్దామనుకుంటాం. కానీ తెర బొమ్మను తయారుచేసే లోపలి గ్రాఫిక్స్ చిప్ అందుకు ఒప్పుకోవాలి. 2011 ప్రాంతపు రెండో తరం ఇంటెల్ కోర్ ల్యాప్‌టాప్‌లలో లోపలి గ్రాఫిక్స్‌తో ఒకేసారి వెలిగేవి మొత్తం రెండే తెరలు, ల్యాప్‌టాప్ సొంత తెరతో కలిపి. అంటే బయట రెండు పెడితే సొంత తెర ఆపేయాల్సిందే. 2012లో వచ్చిన మూడో తరం నుంచి మూడు తెరల దాకా వీలుంది, అయితే ఏ సాకెట్‌లో ఏది పెట్టారన్నదాని మీద షరతులు ఉంటాయి. ఒకే డిస్‌ప్లేపోర్ట్ నుంచి రెండు మానిటర్లు నడిపే పద్ధతి ఒకటి ఉంది, విండోస్‌లో పనిచేస్తుంది. మ్యాక్‌లో మాత్రం అలా పెడితే రెండింటిలోనూ ఒకే బొమ్మ వస్తుంది, అది తెలియక డాక్ (ఒక్క కేబుల్‌తో తగిలిస్తే చాలా సాకెట్లు ఇచ్చే పెట్టె) కొని బాధపడినవాళ్లు ఉన్నారు.

సాకెట్లు చాలనప్పుడు యూఎస్‌బీ నుంచే బొమ్మ పంపే డిస్‌ప్లేలింక్ రకం అడాప్టర్లు దొరుకుతాయి. వీటికి సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి. బొమ్మను కుదించి పంపే పని మీ ప్రాసెసరే చేస్తుంది కాబట్టి పాత మెషీను మీద భారం పడుతుంది. ఫ్యాను మోత కూడా పెరగవచ్చు. ఈమెయిళ్లు, డాక్యుమెంట్లు, కోడ్ రాసుకోవడానికి బాగానే ఉంటుంది. ఆటలకు వద్దు. యూఎస్‌బీ 3 సాకెట్‌లోనే పెట్టండి, చాలా ల్యాప్‌టాప్‌లలో దాని లోపలి ప్లాస్టిక్ నీలంగా ఉంటుంది. ఆఫీసువాళ్లు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే ఆ సాఫ్ట్‌వేర్ వేసుకోవడానికి అనుమతి ఉందో లేదో కొనకముందే అడగండి.

మానిటర్ సైజు విషయంలో నా మాట వింటే 24 అంగుళాలు, 1920×1080 చుక్కల దగ్గర ఆగండి. పాత ల్యాప్‌టాప్‌లలో ఉండే హెచ్‌డీఎంఐ 1.4 రకం, అంతకంటే చాలా ఎక్కువ చుక్కలుండే ‘4K’ బొమ్మను సెకనుకు 30 సార్లే మార్చగలదు. మౌస్ కదిలిస్తే బాణం వెనకబడుతున్నట్టు ఉంటుంది, రోజంతా చూడలేం. పైగా మొదటి ఏడాదిలో ఇల్లు ఒకటికి రెండుసార్లు మారతాం. 24 అంగుళాలదైతే ఒక్క మనిషి పట్టుకుపోగలడు.

వాడినది కొనేటప్పుడు మీ ల్యాప్‌టాప్, కేబుల్ వెంట తీసుకెళ్లి అక్కడే వెలిగించి చూడండి. తెరంతా తెల్లగా ఒకసారి, నల్లగా ఒకసారి పెడితే చచ్చిన చుక్కలు, మచ్చలు బయటపడతాయి. కింద ఉన్న బటన్లన్నీ నొక్కండి. కొన్ని మానిటర్లకు బయట విడిగా అడాప్టర్ ఉంటుంది, అది లేకుండా ఇస్తామంటే తొందరపడకండి. వోల్టేజీ, పిన్ను తీరు రెండూ సరిగ్గా కలిసేది మళ్లీ వెతకడం కష్టం.

కొత్త దేశంలో కరెంటు గురించి కూడా అందరికీ బెంగే. కొన్ని దేశాల్లో 120 వోల్టులు, కొన్నిట్లో 230. మీ చార్జర్ ఇటుక మీద సన్నటి అక్షరాల్లో ‘100–240’ అని ఉంటే రెండు చోట్లా పనిచేస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. మారేది గోడ ప్లగ్గు ఆకారం ఒక్కటే. దానికి కూడా ప్లగ్గు మీద ప్లగ్గు పెట్టే అడాప్టర్‌తో ఏళ్ల తరబడి నెట్టుకురాకండి. చార్జర్ ఇటుకకి, మానిటర్‌కి వెళ్లే తీగ చాలావాటికి ఊడి వస్తుంది. ఇటుకలోకో మానిటర్‌లోకో దూర్చే ఆ చివర ఆకారం దేశం మారినా మారదు, కాబట్టి మీరున్న దేశపు ప్లగ్గు ఉన్న తీగ ఒక్కటి కొంటే సరి. మూడు పిన్నుల తీగను రెండు పిన్నుల అడాప్టర్‌లో పెడితే ఎర్త్ పోతుంది. లోహపు ల్యాప్‌టాప్ మీద చెయ్యి పెట్టినప్పుడు సన్నగా జివ్వుమంటే తరచూ కారణం ఇదే.

అన్నీ తగిలించి, మానిటర్‌ని, ల్యాప్‌టాప్‌ని వెలిగించాక ‘సిగ్నల్ లేదు’ అని వస్తే కంగారు పడకండి. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ మీరు పెట్టిన సాకెట్‌కే ఉందా అని ముందు చూడండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది తేడా. తర్వాత విండోస్ మీటతో కలిపి పి నొక్కి, ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి. అప్పటికీ రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. తెర ఒక్కసారి మినుకుమని గ్రాఫిక్స్ మళ్లీ మొదలవుతుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో రెండు తెరల బొమ్మలనూ మీ బల్ల మీద ఉన్న వరుసలోనే జరిపి పెట్టుకుంటే మౌస్ అటునుంచి ఇటు సాఫీగా దాటుతుంది. వీజీఏలో అక్షరాలు మసకగా ఉంటే మానిటర్‌కి ఉన్న ‘ఆటో’ బటన్ ఒక్కసారి నొక్కితే చాలావరకు సర్దుకుంటుంది. టీవీని మానిటర్‌గా వాడుతూ అంచులు కోసుకుపోతే టీవీ మెనూలోనే బొమ్మ సైజు మార్చాలి.

మూత మూసి పనిచేద్దామంటే పవర్ ఆప్షన్లలో ‘మూత మూస్తే ఏమీ చేయవద్దు’ అనే అర్థం వచ్చేది పెట్టాలి. నేను మాత్రం మూత తెరిచే ఉంచుతాను. పాతవాటిలో కొన్నిటికి వేడి గాలి మూత తిరిగే కీలు దగ్గరి నుంచే బయటికి వస్తుంది. ఇంటర్వ్యూలు వీడియోలోనే జరిగే రోజులివి, కెమెరా కూడా ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. మానిటర్ పక్కన ల్యాప్‌టాప్ పెట్టి పెద్ద తెర చూస్తూ మాట్లాడితే ఎదుటివాళ్లకు మీరు ఎటో చూస్తున్నట్టు కనిపిస్తారు. ఆ అరగంటకు ల్యాప్‌టాప్‌ని మానిటర్‌కి సరిగ్గా ముందు, మధ్యలో పెట్టుకుని, అవతలి మనిషి కనిపించే కిటికీని కెమెరాకి దగ్గరగా జరుపుకోండి.

మానిటర్ పై అంచు మీ కంటి ఎత్తుకు, తెర చేతి పొడవు దూరానికి రావాలి. స్టాండ్ ఎత్తు చాలకపోతే కింద గట్టి పెట్టె పెట్టండి. విడిగా ఒక కీబోర్డు, మౌస్ తెచ్చుకుంటే ల్యాప్‌టాప్ మీదికి వంగే పని తప్పుతుంది. మెడ నొప్పికి నాకు నిజంగా పనిచేసింది ఈ ఎత్తు సర్దుకోవడమే.