మల్టీమోడ్ ఫైబర్‌తో మెదడు లోతుల్ని చూసేటప్పుడు వచ్చే చిక్కులు, వాటి విరుగుడు

మల్టీమోడ్ ఫైబర్ అంటే కాంతి ఒకేసారి ఎన్నో తీరుల్లో ప్రయాణించే సన్నని గాజు తీగ; దాన్ని మెదడులోకి దించి, కొన దగ్గర లేజర్‌ని చిన్న చుక్కగా కుదించి, ఆ చుక్కతో స్కాన్ చేసి బొమ్మ తీస్తాం. కింద చెప్పినవన్నీ 125 మైక్రాన్ల మందం, 50 మైక్రాన్ల కోర్ (కాంతి నడిచే మధ్యభాగం), 0.22 ఎన్‌ఏ (కాంతిని ఎంత కోణంలో తీసుకుంటుందో చెప్పే కొలత) ఉన్న స్టెప్ ఇండెక్స్ (కోర్ అంతా ఒకే వక్రీభవన గుణకం ఉన్న) ఫైబర్‌కి, 488 నానోమీటర్ల లేజర్‌కి, డీఎండీకి (లేజర్‌ని కావలసిన ప్యాటర్న్‌గా మలిచే చిన్న అద్దాల చిప్‌కి) సంబంధించినవి. చూసేది మత్తులో ఉన్న చిట్టెలుక మెదడులో జీఎఫ్‌పీతో (పచ్చగా వెలిగే ప్రోటీన్‌తో) వెలిగే కణాలను. బొమ్మ రాకపోతే ముందు మెదడునే అనుమానిస్తాం కానీ, లోపం చాలాసార్లు ఫైబర్ దగ్గరే ఉంటుంది.

క్యాలిబ్రేషన్‌లోనే చుక్క మసగ్గా ఉంది

క్యాలిబ్రేషన్ అంటే ఫైబర్ కొన ఎదుట కెమెరా పెట్టి, ఏ ప్యాటర్న్ పంపితే చుక్క ఎక్కడ పడుతుందో ముందే కొలుచుకోవడం. ఈ ఫైబర్‌లో ఒక్కో పోలరైజేషన్‌కి (కాంతి తరంగం ఊగే తీరుకి) సుమారు 1,250 మోడ్‌లు, అంటే కాంతి ప్రయాణించే తీరులు ఉంటాయి. వాటి ఫేజ్‌లు (తరంగాల ఎత్తుపల్లాలు) ఒకదానితో ఒకటి కుదిరితేనే 1.1 మైక్రాన్ల చుక్క వస్తుంది, కుదరనిదంతా చుట్టూ పొగలా పరుచుకుంటుంది. కెమెరా మీద పడే మొత్తం కాంతిలో చుక్కలోకి ఎంత చేరుతోందో లెక్కకట్టండి. తక్కువగా ఉంటే ముందు ఫైబర్ చివరను మైక్రోస్కోప్ కింద చూడాలి, అంచు చిట్లితే మళ్లీ క్లీవ్ చేయడమే (నున్నగా కోయడమే). అంచు బాగుంటే పోలరైజేషన్ చూడండి. వంపు లేకుండా తిన్నగా ఉన్న పొట్టి ఫైబర్‌లో వృత్తాకార పోలరైజేషన్ దాదాపు అలాగే నిలుస్తుంది, రేఖీయమైనది నిలవదు. రేఖీయాన్ని వృత్తాకారంగా మార్చే క్వార్టర్ వేవ్ ప్లేట్ పెడితే సరిపోతుంది. అప్పటికీ పొగ తగ్గకపోతే ఫేజ్ జారుతోందన్నమాట: ఒకే ప్యాటర్న్‌ని మొదట్లో, మధ్యలో, చివర్లో కొలిచి పోల్చండి. తేడా ఉంటే రిఫరెన్స్ కిరణం (ఫేజ్‌ని పోల్చి కొలవడానికి వాడేది) దారిని గాలి తగలకుండా మూసెయ్యండి.

పరీక్షకు వాడే వెలిగే పూసల మీద స్పష్టంగా ఉంది, మెదడులో లేదు

ఒక కారణం వక్రీభవన గుణకం (పదార్థం కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె). గాలిలో 50 మైక్రాన్ల దూరంలో కుదిర్చిన ఫోకస్, గుణకం 1.36 ఉన్న కణజాలంలో 68 దగ్గరికి జరుగుతుంది. పూసల్ని నీళ్లలో పెట్టి, నాలుగైదు దూరాలకు క్యాలిబ్రేట్ చేసుకోండి.

రెండోది వంపు. క్యాలిబ్రేషన్ తర్వాత ఫైబర్ వంగితే మోడ్‌ల మధ్య కుదిర్చిన పొందిక చెడిపోతుంది. కొన్ని సెంటీమీటర్ల ముక్కనే వాడి, గట్టి గొట్టంలో బిగించండి. ఆ తర్వాత కదపాల్సింది ఫైబర్‌ని కాదు, చిట్టెలుక ఉన్న స్టేజ్‌ని. అనుమానం ఉంటే ఫైబర్ కొన దగ్గరికి మళ్లీ కెమెరా తెచ్చి చుక్క చూడండి, మరో పరీక్ష అక్కర్లేదు.

కణాలు లేనిచోట కూడా వెలుగు

లేజర్ ఆపి చూడండి. అప్పుడూ వెలుగుంటే గదిలోని కాంతి డిటెక్టర్‌లోకి వస్తోంది. లేకపోతే కొనను శుభ్రమైన నీళ్లలో ముంచండి. వెలుగు తగ్గకుంటే అది గాజు సొంత వెలుగో, ఫిల్టర్ దాటొచ్చిన లేజరో. దాన్ని కొలిచి బొమ్మలోంచి తీసివేయవచ్చు గానీ, దాంతో వచ్చిన నాయిస్ పోదు. ఫైబర్ పొట్టిగా ఉంటే మేలు.

ఫైబర్‌ని మెదడులోకి దించుతుండగా చీకటి

కొనకు రక్తం అంటింది. బయటికి తీసి నీళ్లతో, ఆపై ఐసోప్రొపనాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే మళ్లీ దించండి. పైన కనిపించే రక్తనాళాల్ని తప్పించి, నెమ్మదిగా.

క్రమంగా మసకబారుతోంది

మరో 30 మైక్రాన్లు లోతుకి వెళ్లండి. అక్కడి కణాలు బాగా వెలిగితే పాతచోట ఫోటోబ్లీచింగ్ జరిగింది (లేజర్ పడి పడి జీఎఫ్‌పీ వెలుగు తగ్గింది). అక్కడా మసకే అయితే లేజర్ కప్లింగ్ (లేజర్‌ని ఫైబర్‌లోకి పంపే అమరిక) పక్కకి తప్పి ఉంటుంది.

గీతలు అలల్లా వంగుతున్నాయి

ఊపిరితో మెదడు కదులుతోంది. 22.7 కిలోహెర్ట్జ్ డీఎండీతో 7,000 బిందువులు స్కాన్ చేస్తే సెకనుకి మూడు ఫ్రేమ్‌లే వస్తాయి, ఒక్క ఫ్రేమ్‌లోనే కదలిక పడుతుంది. తల ప్లేట్ బిగించి, పుర్రెలోని రంధ్రంలో అగరోజ్ (జెల్లీలా గట్టిపడే పదార్థం) నింపండి. చాలకపోతే 2,500 బిందువులకు దిగండి: తొమ్మిది ఫ్రేమ్‌లు వస్తాయి, కాకపోతే చూసే వైశాల్యం తగ్గుతుంది.