పెరట్లో సంపెంగ: నాటడం, పోషణ

సింహాచలం కొండ సంపెంగల పరిమళం తెలిసినవారికి ఆ చెట్టును పెరట్లో పెంచుకోవాలనిపించడం సహజమే. అయితే నాటిన మొక్క ఎప్పుడు పూస్తుందన్నది చాలావరకు దాన్ని కొనేటప్పుడే తేలిపోతుంది. గింజ నుంచి పెరిగిన మొక్క పూతకు రావడానికి ఏడెనిమిదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. అంటు మొక్క రెండు మూడేళ్లలోనే పూస్తుంది. కాబట్టి నర్సరీలో కాండం అడుగున అంటు గుర్తు చూసి మరీ తీసుకోవాలి. ఆకుసంపెంగ పేరుతో అమ్మేది వేరే జాతికి చెందిన తీగ.

గింజలే నాటదలచినవారు పండిన కాయలోని ఎర్రని గుజ్జును రుద్ది కడిగి, నీడలో ఆరబెట్టి, వెంటనే విత్తాలి. నూనె నిండిన ఆ గింజలు నిల్వ ఉంచితే త్వరగా మొలకెత్తే శక్తిని కోల్పోతాయి.

నాటడానికి తొలకరి మంచి సమయం. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత తీసి, ఎర్రమట్టిలో బాగా మాగిన పశువుల ఎరువును, కొంత ఇసుకను కలిపి నింపాలి. సంపెంగ వేళ్లు మెత్తగా, కండగా ఉంటాయి కనుక కవరు చింపేటప్పుడు మట్టిగడ్డ విడిపోకూడదు. ఒకచోట కుదురుకున్న మొక్కను తరువాత పెకలించి మరోచోట నాటడం దాదాపు దాన్ని చంపుకోవడమే. అంటు కట్టు నేలకు పైనే ఉండాలి, దాని కింద నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసివేయాలి.

ఈ చెట్టుకు తేమ కావాలి గాని, మొదలు దగ్గర నీరు నిలిచితే వేళ్లు కుళ్లిపోతాయి. నల్లరేగడి నేలల్లో అడుగెత్తు దిబ్బ వేసి దానిపై నాటడం మేలు. వేసవిలో మొదలు చుట్టూ ఎండుటాకులు పరిచి, పైమట్టి ఆరగానే నీరు పెట్టాలి. లేతమొక్కకు మధ్యాహ్నపు ఎండ నుంచి కొంత నీడ అవసరం.

సున్నపు నేలల్లోనూ, ఉప్పదనం ఉన్న బోరునీరు వాడే ఇళ్లలోనూ కొత్త ఆకులు పసుపుబారి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపిస్తాయి. ఇది తెగులు కాదు, ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, చల్లని వేళ ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. పది పదిహేను రోజులకు మరోసారి చేయవలసి రావచ్చు. ఇది ఇనుము లోపమని తెలియక యూరియా వేసేవారే ఎక్కువ.

కొమ్మలపై చీమలు బారులు తీరితే పొలుసు పురుగు ఉందేమో వెతకాలి. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బునీటితో కలిపి చల్లితే అది అదుపులోకి వస్తుంది. ఆకులు కొరికే ఆకుపచ్చ గొంగళిపురుగులు మాత్రం చాలాసార్లు సీతాకోకచిలుకల పిల్లలే. పెద్ద చెట్టుకు వాటివల్ల పెద్ద నష్టం లేదు, వదిలేయవచ్చు.