డాక్ బోర్డు 5 వోల్టుల పిన్ నుంచి కరెంటు చాలట్లేదా?

"మేడమ్, ఈ బోర్డు పోయింది. ముప్ఫై మిల్లీ యాంపులే ఇస్తోంది." ప్రాజెక్టుల సీజన్‌లో మా ల్యాబ్‌కి వారానికి ఒకరైనా డాక్ బోర్డు (సెన్సార్ల సిగ్నల్స్‌ని కొలిచి కంప్యూటర్‌కి పంపే డేటా అక్విజిషన్ బోర్డు) పట్టుకుని ఈ మాటతో వస్తారు. నేను ముందు అడిగేది ఒకటే: నీ లోడ్, అంటే బోర్డు నుంచి కరెంటు తీసుకునే వస్తువు, ఎంత లాగుతుంది బాబూ? బోర్డు నిలబెట్టేది వోల్టేజీని. కరెంటు లోడ్ లాగినంతే వస్తుంది. వెయ్యి ఓమ్‌ల రెసిస్టరు పెట్టి 5 మిల్లీ యాంపులే వస్తున్నాయని బెంగపడితే ఎలా?

కాబట్టి ముందు వోల్టేజీ చూడండి. లోడ్ నడుస్తుండగానే, లోడ్ కాళ్ల దగ్గరే మల్టీమీటర్‌ని వోల్టుల్లో పెట్టి ఆనించండి. మీటర్‌ని యాంపుల్లో పెట్టి 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య మాత్రం ఆనించకండి, అది షార్టే, రెండిటినీ నేరుగా తీగతో కలిపినట్టే. కొన్ని బోర్డుల్లో తిరిగి కోలుకునే ఫ్యూజు ఉంటుంది. అది వేడెక్కి అడ్డం పడితే కేబుల్ పీకి కాసేపు చల్లారనివ్వాలి. పోయింది మీటర్ ఫ్యూజే అయితే ఆ తర్వాత ప్రతి కరెంటు రీడింగూ సున్నాయే. ఇలా బలైన మీటర్లు మా బీరువాలో మూడున్నాయి.

తర్వాత, వైరు ఏ పిన్‌లో ఉందో చూడండి. మా దగ్గరున్నది నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల యూఎస్‌బీ-6009. దాని 5 వోల్టుల పిన్ 200 మిల్లీ యాంపుల వరకు ఇస్తుంది. పక్కనున్న 2.5 వోల్టుల పిన్ రిఫరెన్సు (పోల్చి చూసుకునే స్థిరమైన వోల్టేజీ) కోసమే, 1 మిల్లీ యాంపు దాటకూడదు. పిల్లలు ఎక్కువగా పడే గొయ్యి డిజిటల్ లైను, అంటే ఆన్-ఆఫ్ సిగ్నల్ ఇచ్చే పిన్. దాన్ని 'హై' చేసి సెన్సార్‌కి సప్లైగా వాడేస్తారు. మామూలు సెట్టింగ్‌లో ఆ లైను 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు గుండా 5 వోల్టులకు కట్టి ఉంటుంది. షార్ట్ చేసినా దాదాపు 1 మిల్లీ యాంపే వస్తుంది. ఖాళీగా కొలిస్తే నిండుగా 5 వోల్టులు, సెన్సార్ కలపగానే చతికిలపడుతుంది.

పిన్ సరైనదే అయితే వైర్లన్నీ తీసేసి 47 ఓమ్‌ల రెసిస్టరు ఒక్కటే కలపండి. 106 మిల్లీ యాంపులు లాగుతుంది, అర వాటు పైగా వేడి పుడుతుంది. కాబట్టి 2 వాట్లది వాడండి, పావు వాటుది పొగ పెడుతుంది. వోల్టేజీ 4.85 దగ్గరో పైనో నిలిస్తే బోర్డు బాగానే ఉన్నట్టు. పడిపోతే కేబుల్ మార్చండి, హబ్ తీసేసి నేరుగా లాప్‌టాప్‌కి గుచ్చండి. సన్నని తీగలున్న 2 మీటర్ల కేబుల్లో రానూ పోనూ దాదాపు 0.85 ఓమ్ ఉంటుంది. 300 మిల్లీ యాంపులకు పావు వోల్టు అక్కడే పోతుంది. మీటర్‌ని సిరీస్‌లో పెట్టి కరెంటు కొలిచినా దానివల్ల కొంత వోల్టేజీ పడుతుంది, అది బోర్డు మీదకి తోయకండి.

మొన్నొకరి రిలే బోర్డు కథ. దాని మీద నాలుగు రిలేలు, అంటే కాయిల్‌లో కరెంటు పారితే టక్‌మని పడే స్విచ్‌లు. మొదటి రిలే టక్‌మని పడింది, రెండోదీ పడింది. మూడోది వేయగానే టకటకా కొట్టుకోవడం మొదలైంది, స్క్రీన్ మీద డాక్ బోర్డు మాయమై మళ్లీ వచ్చింది. కాయిల్ కొలిస్తే 70 ఓమ్‌లు. అంటే ఒక్కోదానికి 71 మిల్లీ యాంపులు, మూడింటికి 214. పిన్ ఇచ్చేదే రెండు వందలైతే బోర్డు తప్పేముంది?

అక్కడ మందు వేరే 5 వోల్టుల అడాప్టరే. రిలే కాయిళ్లకి దాన్నుంచి ఇచ్చి, రెండు గ్రౌండ్లూ కలపండి. బోర్డు 5 వోల్టుల పిన్‌ని, అడాప్టర్ ప్లస్‌ని మాత్రం ఒకదానికొకటి తగలనివ్వకండి. ఆ రోజు బోర్డు పిన్‌లోంచి ఎర్ర వైరు నేనే పీకి, ఇన్సులేషన్ టేపు చుట్టి పక్కన పెట్టాను. నాలుగు రిలేలూ వరుసగా టక్, టక్, టక్, టక్.