హైబ్రిడ్ కారులో వెనక సీటు పక్కనున్న జాలీని గమనించండి

హైబ్రిడ్ కారు (పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీతో నడిచే ఎలక్ట్రిక్ మోటారు కూడా ఉండే కారు) కొనాలనుకునేవారిని ఎక్కువగా వెనక్కి లాగేది ఆ మోటారును నడిపే పెద్ద బ్యాటరీ త్వరగా పాడవుతుందేమోనన్న భయమే. 1997లో టయోటా ప్రియస్ అనే హైబ్రిడ్ కారు వచ్చినప్పటి నుంచీ ఈ భయం ఉన్నా, బ్యాటరీని పూర్తిగా నిండనివ్వకుండా, పూర్తిగా ఖాళీ కానివ్వకుండా కారులోని కంప్యూటరే చూసుకుంటుంది కాబట్టి అది సాధారణంగా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. దాన్ని నిజంగా దెబ్బతీసేది వేడి. గాలితో చల్లబడే బ్యాటరీ ఉన్న చాలా మోడళ్లలో వెనక సీటు పక్కనో కిందో ఒక చిన్న జాలీ ఉంటుంది. లోపలి ఫ్యాను క్యాబిన్‌లోని చల్లగాలిని అక్కడి నుంచే పీల్చుకుంటుంది. దానికి సంచులు, దుప్పట్లు అడ్డం పెట్టకూడదు. దుమ్ము, పెంపుడు కుక్క వెంట్రుకలు అందులో పేరుకుపోతాయి కాబట్టి, సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు అక్కడి ఫిల్టరును శుభ్రం చేయమని ప్రత్యేకంగా అడగాలి (అడగకపోతే దాని జోలికి వెళ్లని వర్క్‌షాపులూ ఉంటాయి). పాత కారు కొనేటప్పుడు నేనైతే రంగుకన్నా ముందు ఆ జాలీనే చూస్తాను. దుమ్ము దట్టంగా పట్టి ఉంటే, బ్యాటరీ పరీక్ష రిపోర్టు చూడనిదే బేరం మొదలుపెట్టకపోవడం మేలు.

కొన్నాళ్లు కదలకుండా ఉన్న కారు స్టార్ట్ కాకపోతే పెద్ద బ్యాటరీ పోయిందని కంగారు పడనక్కరలేదు. చాలాసార్లు డిశ్చార్జ్ అయ్యేది కంప్యూటర్లకు కరెంటు ఇచ్చే 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. వేగం తగ్గించే పనిలో చాలా భాగం మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకు ప్యాడ్లు నిదానంగా అరుగుతాయి. నారింజ రంగు కేబుళ్లలో మాత్రం హై వోల్టేజీ ఉంటుంది కాబట్టి, వాటిని శిక్షణ పొందిన మెకానిక్‌కే వదిలేయాలి.